ముందు బ్రేకు అల్లుడు, వెనక బ్రేకు బామ్మర్ది

మొన్న మా అమ్మాయి కొత్తగా కారు నేర్చుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సిటీలోంచి ఎల్బీనగర్ వైపు బయల్దేరింది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దాటాక ఒక ఆటో మా ముందుకొచ్చి, ఎవరో చెయ్యెత్తగానే నడిరోడ్డు మీద ఆగిపోయింది. నా కుడికాలు కారు నేలను ధడాలున తొక్కింది. అమ్మాయి కారు ఆపి, తాపీగా నా కాలి వైపు చూసి, "నాన్నా, నీ వైపు బ్రేకు లేదు" అంది. నాకు నవ్వొచ్చింది. నా కాలికి ఉన్న ఈ జబ్బును కనిపెట్టి, దానికి 'స్కూటర్ కాలు' అని పేరుపెట్టిన మనిషి పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఆయన సైకిల్ మీంచి పడి పోలేదు. రాళ్లగుట్టలు సైకిల్ మీద దిగే అరవయ్యేళ్ల మనిషి పోయాడని చెప్తే, విన్నవాళ్లంతా "ఎక్కడ పడ్డాడు?" అనే అడుగుతున్నారు. ఆయన తన ఇంట్లో, తన మంచం మీద, నిద్రలో పోయాడు. గుండె ఆగిందన్నారు. పడ్డాడు అన్న మాట ఆయన బతికుండగానే సహించేవాడు కాదు, ఇప్పుడైతే అసలే సహించడు.

మనిషిని చూస్తే సైకిల్‌కూ ఆయనకూ ఏ సంబంధమూ కనిపించేది కాదు. ఎత్తుకు తగ్గ లావు, లావుకు మించిన పొట్ట. పొట్టి చేతుల తెల్ల అంగీ, నల్ల ట్రాక్ ప్యాంటు, తలకు తువ్వాల, ఆ తువ్వాల మీద హెల్మెట్. తువ్వాల ఎందుకంటే, అల్లుడు ప్రేమగా తెచ్చిన హెల్మెట్ ఆయన తలకు పెద్దదైంది. అల్లుడు తెచ్చినదాన్ని మార్చుకు రమ్మనడం మర్యాద కాదు గనక తలనే పెద్దది చేసుకున్నాడు.

ఆయనది ఎల్బీనగర్ వెనక ఒక పాత ఊరు. ఊరు ఇప్పుడు లేదు, కాలనీలున్నాయి. పొలాలు ప్లాట్లయ్యాయి. చైతన్యపురిలో ఆయన కట్టిన బిల్డింగులో కోచింగు పిల్లల హాస్టల్ నడుస్తుంది. కిరాయిలు వాటంతట అవే వస్తాయి, చేయడానికి పనేమీ లేదు. పని లేకపోయేసరికి పొట్ట వచ్చింది, పొట్టతో షుగరొచ్చింది, షుగరుతో సైకిలొచ్చింది. నాకూ దాదాపు ఇదే వరసలో వచ్చాయి. కాకపోతే నాది గుంటూరు వైపు, బ్యాంకు ఉద్యోగం నన్ను తెచ్చి వనస్థలిపురంలో పడేసింది, కిరాయిలు నేను కట్టేవాడిని.

మొదటిసారి ఆయన్ను చూసింది ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర చాయ్ బండి ముందు. ఆదివారం తెల్లవారి నలుగురైదుగురు లావుపాటి చక్రాల సైకిళ్లతో అక్కడ నిలబడి ఉన్నారు. దుకాణంవాడి మాటలు నమ్మి అలాంటిదే నేనూ ఒకటి కొని ఉన్నాను గనక వాళ్ల పక్కన చేరాను. ఆయన నా సైకిల్ వైపు చూడలేదు, నా చేతుల వైపు చూశాడు. రెండు బ్రేకులనూ నేను నాలుగేసి వేళ్లతో బిగించి పట్టుకుని ఉన్నానట.

"ఏం సారూ, బర్రెకు పాలు పిండుతున్నవా?" అన్నాడు.

తర్వాత ఒక్కొక్క వేలూ విప్పదీసి, చివరికి చూపుడువేళ్లు మాత్రం బ్రేకుల మీద ఉంచాడు. మిగతా వేళ్లు హ్యాండిల్‌కివ్వు, అవేం పాపం చేసినయ్ అన్నాడు. పరిచయం అంతే. మరుసటి ఆదివారానికి 'సారు' పోయి 'తమ్మీ' అయింది.

ఆయన్ను తలుచుకుంటే ఇప్పటికీ ముందు కనిపించేవి ఆ రెండు చూపుడువేళ్లే. సైకిల్ మీద ఉన్నా లేకున్నా అవి పనిలోనే ఉండేవి. సోఫాలో కూర్చుని ఎవరైనా వేగంగా మాట్లాడుతుంటే గాలిలో మెల్లగా వంగేవి. పెళ్లిలో వడ్డించేవాడు గరిటె ఎత్తగానే ఎడమచేతి వేలు వంగేది. ఇంట్లో మా వదిన, అంటే ఆయన భార్య, గొంతు పెంచిందంటే రెండూ కలిసి వంగేవి. ఆ బ్రేకులు ఎప్పుడూ పడలేదనుకోండి.

బ్రేకుల మీద ఆయనకో శాస్త్రం ఉండేది. సైకిల్ వెనక బ్రేకు బామ్మర్ది లాంటిదట. ఊకె ఎంట తిరుగుతడు, చప్పుడు జేస్తడు, దుమ్ము లేపుతడు, పనేం జెయ్యడు. ముందు బ్రేకు అల్లుడు. పనంతా చేసేది అల్లుడే, కాని జర ఎక్కువ గుంజితే మామను ఎత్తి అవతల పడేస్తడు. అందుకని అల్లుణ్ని ఒక్క వేలితో, మర్యాదగా, కొంచెం కొంచెం అడుక్కోవాలి. చక్రం బిగిసి జారిందంటే ఇక నువ్వు సైకిల్ నడిపేటోనివి కాదు, సైకిల్ మోసే సామాన్‌వి. బండరాయి వస్తే బ్రేకు రాయి మీద కాదు, రాయికి ముందు వేయాలి. రాయి మీదికి ఎక్కాక వేళ్లు వదిలేసి, పిరుదులు సీటు వెనక్కి జరిపి, మడమలు కిందికి దించి, నోరు మూసుకుని కూర్చోవాలి. నోరెందుకన్నా అని అడిగితే, నాలుక కరుసుకున్నోళ్లను సూసిన అన్నాడు.

అన్నిటికంటే పెద్ద సూత్రం చూపు గురించి. రాయి దిక్కు సూస్తే రాయి దిక్కే పోతవ్, సందు దిక్కు సూడు, అనేవాడు. ఈ మాట ఆయన గుట్ట మీదే కాదు, దిల్‌సుఖ్‌నగర్ కూరగాయల సందులో మోటారుసైకిల్ వాళ్లక్కూడా ఉచితంగా చెప్పేవాడు. వాళ్లేమనేవాళ్లో రాయడం బాగుండదు.

మా గుట్ట హయత్‌నగర్ దాటాక, హైవే వదిలి లోపలికి పోతే, ఒక ప్లాట్ల వెంచరు వెనక ఉంది. ఎర్రమొరం, తంగేడు పొదలు, సీతాఫలం చెట్లు, ఏనుగులంతేసి గుండ్లు. ఒకవైపు ఏటవాలుగా ఓ బాట దిగుతుంది. బాట చివర ఎడమకు మలుపు. మలుపు తిరగకుండా నేరుగా పోయేవాళ్ల కోసం అక్కడ పాత క్వారీ గుంత, నిండా ఆకుపచ్చ నీళ్లతో ఉంది. ఆ బాట ఆయన తాతల నాటి పశువుల బాట. కింద వెంచరులో సగం ఒకప్పుడు వాళ్లదే. ఆ ఆదివారం పొద్దుటి పిచ్చి ఎందుకని ఒకసారి అడిగాను.

"కారుల పోతే ప్లాటు కొంటవా అని అడుగుతరు తమ్మీ. నడుసుకుంట పోతే దొంగవా అని అడుగుతరు. సైకిల్ మీద పోతే ఎవ్వడేం అడగడు" అన్నాడు.

తన తాతల నేల మీద తను ఎవరికీ జవాబు చెప్పకుండా తిరగడానికి ఆయనకు మిగిలింది ఆ సైకిలొక్కటే. ఈ మాట ఆయన అనలేదు, నేనే అంటున్నాను.

ఆ బాట దిగేముందు పెళ్లిచూపులు జరగాల్సిందే. ఆయన పెట్టిన ఆచారం అది. సైకిళ్లు పైన పడుకోబెట్టి, అందరం కాలినడకన కిందిదాకా దిగి, మళ్లీ పైకెక్కాలి. వారం వారం చూసిన పిల్లే అయినా సరే. వాన పడి ఉంటుంది, మేకలు తొక్కి ఉంటాయి, కొత్త రాయి వచ్చి కూర్చుని ఉంటుంది. ఆయన ఒక్కొక్క రాయినీ బూటుతో తట్టి కదులుతుందా లేదా చూసేవాడు. కదిలే రాయిని తీసి పక్కన పెట్టొచ్చు కదా అంటే ఒప్పుకునేవాడు కాదు, దాని జాగల అది ఉంది, నడుమ మనమొచ్చినం అనేవాడు. ఒక్కోసారి అంతా చూశాక పెదవి విరిచి, ఈ వారం సంబంధం వద్దు అని సైకిల్ చేత్తో పట్టుకుని దిగిపోయేవాడు. మేమూ అలాగే దిగేవాళ్లం. అందులో ఆయనకు ఇసుమంత సిగ్గు లేదు.

ఇంత జాగ్రత్త పుట్టుకతో వచ్చింది కాదు. సైకిల్ కొన్న కొత్తలో, కూతురి పెళ్లికి ముందు, అల్లుణ్ని, అదే ముందు బ్రేకును, గట్టిగా గుంజి గడ్డం పగలగొట్టుకున్నాడు. కన్యాదానం ఫొటోలన్నిటిలో ఆయన గడ్డానికి తెల్లకట్టు ఉంటుంది. పెళ్లికూతురి కంటే అదే ముందు కనిపిస్తుందని వదిన బాధ. అందుకని ఆమె ఒక శాసనం చేసింది. ఇంకోపారి రక్తం కనవడితే గా సైకిల్ పాత సామాన్లోనికి ఇచ్చుడే. మా వదిన శాసనం చేస్తే తిరుగులేదని వాళ్ల హాస్టల్ పిల్లలకు కూడా తెలుసు. ఆయన బ్రేకుల శాస్త్రమంతా ఆ భయంలోంచి పుట్టింది.

ఆదివారం ఆయన ఇంటికి తిరిగొచ్చాక వరండాలో తనిఖీ ఉండేది. వదిన కళ్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చునేది. ఆయన హెల్మెట్, తువ్వాల తీసి ఎదురుగా నిలబడేవాడు. మోచేతులు చూపించాలి, ప్యాంటు మడిచి మోకాళ్లు చూపించాలి, గడ్డం పైకెత్తాలి, తర్వాత వెనక్కి తిరగాలి. అన్నీ సరిగ్గా ఉంటే లోపల్నుంచి చాయ్ వచ్చేది. నాకూ వచ్చేది. చాయ్ తాగుతూ ఆయన ప్రతివారం ఒకే మాట అడిగేవాడు, ఒక్కసారి వచ్చి సూడరాదు, ఎంత మంచిగ దిగుతనో. ఆమె ప్రతివారం ఒకే జవాబిచ్చేది, పడేటోన్ని సూడనీకి అంత దూరం వస్తారా ఎవలన్న అని. ఆయన నవ్వేవాడు గాని, ఆ జవాబు ఆయనకు ఎక్కడో గుచ్చుకునేది. చాయ్ గ్లాసు కింద పెట్టేటప్పుడు ముఖం చూస్తే తెలిసేది.

ఇక నా కాలి సంగతి. నేను ఇరవయ్యేళ్లు స్కూటరు నడిపినవాణ్ని. భయం వేస్తే నా కుడికాలు నన్ను అడగదు, తొక్కేస్తుంది. స్కూటరుకైతే అక్కడ బ్రేకుంది. సైకిల్‌కి అక్కడ పెడలుంది. అంటే, నాకు భయమేసినప్పుడల్లా సైకిల్ ఇంకా వేగంగా పోయేది. వేగం పెరిగితే భయం పెరిగేది, భయం పెరిగితే ఇంకా తొక్కేవాణ్ని. చిన్న చిన్న పల్లాల్లోనే ఇది మూడు నాలుగుసార్లు జరిగి, నేను పొదల్లో తేలాను. ఆయనకు అంతు చిక్కలేదు. మా కాలనీ రోడ్డు మీద నన్ను తొక్కమని, ఎదురుగా వచ్చి నిలబడి, చెయ్యెత్తి ఆగమన్నాడు. నేను ఆగలేదు. ఆయన పక్కకు దూకి, వంగి నా కాలినే చూస్తూ కొంతదూరం పరిగెత్తి, తర్వాత మురుగుకాలవ గోడ మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"తమ్మీ, నీది స్కూటర్ కాలురా. బ్రేకు కనవడకపోతే తయారు జేస్కుంటది" అన్నాడు.

మందు కూడా ఆయనే కనిపెట్టాడు. దిగేటప్పుడు పెడళ్లు రెండూ సమంగా పెట్టి, ఎడమకాలు ముందు, కుడికాలు వెనక ఉంచాలి. అప్పుడు కుడికాలు ఎంత తొక్కినా చైను వెనక్కి టకటక తిరుగుతుందే గాని సైకిల్ ముందుకు ఉరకదు. వినడానికి బాగానే ఉంది. కాని ఏ పనికైనా కుడికాలే ముందు పెట్టాలని మా అమ్మ నన్ను చిన్నప్పట్నుంచీ తొడపాశం పెట్టి నేర్పింది. కొత్త ఇల్లయినా, కొత్త బ్రాంచి అయినా కుడికాలితోనే గుమ్మం దాటాను. ఎముకలు విరిగే చోట ఎడమకాలు ముందు పెట్టమంటాడేమిటి ఈయన? నసుగుతూ అదే చెప్పాను. ఇంట్లకు పోయేటప్పుడు కుడికాలు, గుట్ట దిగేటప్పుడు ఎడమకాలు, ఎవరి మర్యాద వాళ్లది అని తీర్పు చెప్పాడు. నేను మాత్రం దిగేముందు కుడికాలు ఒకసారి నేలకు తాకించి, ఆ తర్వాతే ఎడమకాలు ముందుకు తెచ్చేవాణ్ని. ఆయన చూసీ చూడనట్టు, దండం అయిందా, ఇగ దిగు, అనేవాడు.

అలా చాలా రోజులు ఏ ముప్పూ లేకుండా గడిచింది. ఒక ఎండాకాలం ఆదివారం, ముందురోజు జల్లు పడి ఆరిన మొరం జొన్నలు పరిచినట్టు జారుతోంది. పెళ్లిచూపుల్లో ఆయన పెదవి విరిచాడు. నేనే, ఇంతదూరం వచ్చి నడిచి దిగుతామా అన్నాను. సరే అని ఆయన ముందు దిగి, కింద మలుపు దగ్గర సైకిల్ దిగి నిలబడి, రమ్మని చెయ్యి ఊపాడు.

సగం బాట బాగానే దిగాను. అక్కడ చక్రం కింద ఒక రాయి పొర్లింది, సైకిల్ ఒరిగింది, నిలదొక్కుకోడానికి పెడలు అరచుట్టు తిప్పాను. ఆ అరచుట్టుతో కుడికాలు ముందుకొచ్చింది. అదే సమయానికి నా కళ్లు క్వారీ నీళ్ల మీద పడ్డాయి. ఇంకేముంది, కాలు తొక్కింది. సందు దిక్కు సూడు అని ఆయన అంటూనే ఉన్నాడట. నేను నీళ్ల దిక్కు తప్ప ఏ దిక్కూ చూడలేదు. నా చూపుడువేళ్లు ఏమయ్యాయో నాకు గుర్తు లేదు.

ఆయన పక్కకు జరగొచ్చు. కాలనీ రోడ్డు మీద జరిగినట్టే జరగొచ్చు. జరగలేదు. తన సైకిల్‌ను బాటకు అడ్డంగా నిలబెట్టి, దాని వెనక కాళ్లు ఎడంగా పెట్టి, ఆ లావంతా ఆనించి నిలబడ్డాడు. నేను పోయి గుద్దాను. రెండు సైకిళ్లూ, ఆయనా, నేనూ కలిసి కొంతదూరం జారి, గుంత అంచుకు ఇవతల తంగేడు పొదలో ఆగాం. నేను ఆయన పొట్ట మీద ఉన్నాను. నా ఒంటి మీద గీత లేదు. ఆయన మోచెయ్యి చీరుకుపోయింది, రక్తం ముంజేతి మీంచి కారుతోంది.

ఆయన ముందు నన్ను తడిమి చూశాడు, తర్వాత సైకిళ్లను తడిమి చూశాడు, చివరికి తన చెయ్యి చూసుకున్నాడు. గుంతను చూసి రాని భయం అప్పుడొచ్చింది ఆయన ముఖంలోకి.

"మీ వదినె..." అని ఆగిపోయాడు.

తర్వాత జరిగిందంతా ఇద్దరు చదువుకున్న, తాతలు కాబోయే మనుషులు చేయాల్సిన పని కాదు. దవాఖానలో కుట్లు వేస్తూ డాక్టరు ఎలా తగిలిందని అడిగితే, బాత్రూంల జారిన అన్నాడు. డాక్టరు ఆయన తలమీది హెల్మెట్ వైపు చూసి ఇంకేమీ అడగలేదు. అక్కణ్నుంచి దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద ఆయన కొలతకు పొడుగుచేతుల అంగీ కోసం వెతికాం. ఆయన పొట్ట పట్టే అంగీ ఒక్కటే దొరికింది, చిలకపచ్చ రంగుది. ఆ మండే ఎండలో అది తొడుక్కుని, మణికట్ల దాకా బొత్తాలు పెట్టుకుని, నన్ను వెంట తీసుకుని ఇంటికెళ్లాడు. పరాయివాళ్ల ముందు ఆమె గట్టిగా అడగదని ఆయన ఆశ.

వదిన కళ్లద్దాలు సర్దుకుని, ఈ అంగీ ఏందని అడిగింది. తమ్మి పుట్టినరోజని కొనిచ్చిండు అన్నాడాయన. ఆమె నా వైపు తిరిగి, "నీ పుట్టినరోజైతే ఆయనకు అంగీ ఎందుకు?" అంది. జవాబు కోసం ఆగకుండా, ఉప్మా చేసిన, చేతులు కడుక్కోని కూసోండ్రి అంది. ఆయన నల్లా దగ్గరికి పోయి, అంగీ చేతులు పైకి మడవకుండా, మోచేతుల దాకా తడుపుకుంటూ కడుక్కున్నాడు. ఆమె వెనకే వచ్చి తువ్వాలతో ప్రేమగా తుడిచింది. మోచేతి దగ్గరికి వచ్చేసరికి ఆయన కెవ్వుమన్నాడు.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. లోపలికి పోయి గొలుసు, తాళం తెచ్చి, సైకిల్‌ను పెరట్లో నీళ్ల మోటారు పైపుకు కట్టేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. పాత సామాన్లు కొనేవాడు వచ్చే వారం రావాలని కబురు పోయింది. ఎట్ల పడ్డవ్ అని అడిగితే, నేనే పడ్డ, పట్టు తప్పింది అన్నాడు. నా పేరు చెప్పలేదు. చెప్తే ఆ ఇంటి గుమ్మం నాకు మూసుకుపోతుందని ఆయనకు తెలుసు.

ఆ తర్వాతి ఆదివారం ఆయన చాయ్ బండి దగ్గరికి స్కూటరు మీద వచ్చాడు. మాతో చాయ్ తాగి, మా సైకిళ్ల గాలి నొక్కి చూసి, మేం బయల్దేరితే అక్కడే నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూశాను. స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు, రెండు చూపుడువేళ్లూ గాలిలో వంగుతున్నాయి. నేను గుట్టకు పోలేకపోయాను. సగం దారిలోంచి తిరిగి నేరుగా వాళ్లింటికే పోయాను.

ఆయన ఇంకా రాలేదు. వదిన వరండాలో గోరుచిక్కుడుకాయలు గిల్లుతోంది. నేను నిలబడే అంతా చెప్పాను, నా కాలి సంగతి, గుంత సంగతి, ఆయన సైకిల్ అడ్డం పెట్టిన సంగతి. ఆమె గిల్లడం ఆపలేదు. అంతా అయ్యాక, కోర్టులో జడ్జి అడిగినట్టు అడిగింది.

"నువ్వు మీదికొచ్చినప్పుడు ఆయన సైకిల్ మీద ఉన్నడా, కిందున్నడా?"

"కిందే ఉన్నారు వదినగారూ. నిలబడి ఉన్నారు."

"నిలవడి ఉన్నోడు పడుడేంది? నువ్వు గుద్దినవ్" అంది. కాసేపు ఒక కాయను అటూ ఇటూ తిప్పి, "నిన్ను ఆపిండు ఆయన. అది పడుడు కాదు" అంది.

బొడ్లోంచి తాళంచెవి తీసి గోరుచిక్కుళ్ల చాట పక్కన పెట్టింది. తీసుకోబోతుంటే, నెల రోజులు నీకు ఈ ఇంట్ల చాయ్ బంద్ అని కూడా చెప్పింది. శిక్ష అంతటితో అయిపోలేదు. అప్పట్నుంచీ ఆదివారం తనిఖీలో నేనూ ఆయన పక్కన నిలబడి మోచేతులు చూపించాల్సి వచ్చింది. వెనక్కి తిరగమంటే ఇద్దరం ఒకేసారి తిరిగేవాళ్లం. ఆ తీర్పు విన్న రోజు ఆయన మాత్రం చిన్నపిల్లాడిలా అదే అదే అడిగాడు, నిజంగ గట్లనే అన్నదా, పడుడు కాదన్నదా, అని. అన్నదని చెప్పిన ప్రతిసారీ తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. అయినా ఆమె గుట్టకు మాత్రం రాలేదు. ఆయన పిలవడం మానలేదు, ఆమె రానని చెప్పడం మానలేదు.

ఆయన పోయాక, కర్మలన్నీ అయ్యాక, వదిన ఫోన్ చేసి సైకిల్ తీసుకుపొమ్మంది. ట్రాలీ ఆటో మాట్లాడుకుని పోయాను. సైకిల్ ఎక్కించేసరికి ఆమె చెప్పులేసుకుని, ఇంటికి తాళం వేసి బయట నిలబడి ఉంది. ముందల గా గుట్ట సూపియ్ అంది. వాళ్ల డ్రైవరుకు కారు తీయమని, ట్రాలీని వెనక రమ్మని తనే చెప్పింది.

బాట పైకి ఆమె మోకాళ్లు సహకరించవు. కింద మలుపు దాకా చెయ్యి పట్టుకుని నడిపించాను. ఆయన ఎక్కడ నిలవడ్డడని అడిగింది. చూపించాను. నేను వద్దంటున్నా వినకుండా సరిగ్గా అక్కడే నిలబడింది. గుంతలోకి ఒకసారి తొంగిచూసి, ఆయన ఎట్ల దిగెటోడో దిగి సూపియ్ అంది. ఆయన లాగా నేను దిగలేనన్నాను. నీకు నేర్పింది ఆయననే గదా అంది.

ఆయన సైకిల్ తోసుకుంటూ పైకెక్కాను. ఎక్కుతూనే ఒక్కొక్క రాయినీ బూటుతో తట్టుకుంటూ పోయాను. పైనుంచి చూస్తే ఆమె అంత చిన్నగా, తెల్లచీరలో, బాటకు అడ్డంగా నిలబడి ఉంది. నా జన్మలో అంత భయపడలేదు. ఎడమకాలు ముందుకు పెట్టాను. అల్లుణ్ని మర్యాదగా అడుక్కుంటూ, రాళ్ల ముందు వేళ్లు వంచుతూ, రాళ్ల మీద వదులుతూ, ఆమె వైపు గాక ఆమె పక్కనున్న సందు వైపే చూస్తూ దిగాను. కుడికాలు రెండుసార్లు తొక్కింది. చైను టకటకమని వెనక్కి తిరిగింది, అంతే. ఆమెకు పది అడుగుల ఇవతల సైకిల్ ఆగింది.

వదిన నన్ను ఎగాదిగా చూసింది.

"గింతేనా?" అంది. "గింత దానికా మీ అన్న ఇన్నేండ్లు నా పాణం దీసిండు?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ వచ్చాయి. ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. చాలాసేపు తుడిచింది. మళ్లీ పెట్టుకుని, బాటను కిందినుంచి పైదాకా చూసింది.

"మల్లొక్కసారి దిగు తమ్మీ. సరిగ్గ కనవడలే" అంది.

నేను సైకిల్ తిప్పుకుని మళ్లీ పైకి తోయసాగాను.